చేబదులు గిన్నె మీద పేరు

చిచ్చా పోయాడని నాకు పొద్దున ఏడున్నరకు తెలిసింది. షాద్‌నగర్‌లో మా ఆఫీసులో కూర్చుని ఉన్నాను. ఎదుట కంప్యూటరు తెర మీద ఊర్ల పేర్లు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. ఫోన్ చేసింది ఆయన పెద్ద కొడుకు. "అబ్బా పోయిండు భాయ్. నమాజుకని లేచిండు, కాళ్లు చేతులు కడుక్కుంటనే కూలబడ్డడు. దవాఖానకు తీస్కపోయే వరకే అంతా అయిపోయింది" అన్నాడు. నేను "సరే" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన పేర్లు దిగేదాకా తెర చూస్తూ కూర్చున్నాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. అంటే ఆ పొద్దున అన్ని ఊర్లూ పలికాయన్నమాట.

ఏడవలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ ఏడవలేదు. మనిషి పోయాక రాసే రాతల్లో కన్నీళ్లు ఉంటాయి. ఇందులో ఉండవు, లేనివాటిని ఉన్నట్టు రాయడం నాకు చేతకాదు. నేను కోపిష్టినని నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు. ఆ కోపం కూడా రాలేదు. మొద్దుబారిన చేతిని గిల్లి చూసుకుంటే ఎట్లుంటుందో అట్లుంది.

ఆయన నాకు చుట్టం కాదు. ఆఫీసులో అందరికీ చిచ్చానే, నాకూ చిచ్చానే. మాది ఒక ప్రైవేటు పాల కంపెనీ. నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు పల్లెల్లో పొద్దున, సాయంత్రం పాలు పట్టే కేంద్రాలున్నాయి. ప్రతి కేంద్రంలో గోడకు చెయ్యంత డబ్బా ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని రౌటర్ అంటారు, మేము డబ్బా అనే అంటాం. పాలు తూచే కాంటా, వెన్న శాతం చూసే మిషను ఆ డబ్బా ద్వారానే షాద్‌నగర్‌తో మాట్లాడతాయి. డబ్బా మూగబోతే కాంటా తెరుచుకోదు. కాంటా తెరుచుకోకపోతే పాలు క్యాన్లలోనే ఉండిపోతాయి. మనుషులు ఆగమంటే ఆగుతారు, పాలు ఆగవు.

ఆ డబ్బాల్లో చాలావరకు గోడకు కొట్టింది చిచ్చానే. అంతకుముందు మహబూబ్‌నగర్ గల్లీల్లో టెలిఫోన్ తీగలు లాగిన మనిషి. తీగ చివర బిగించే ప్లాస్టిక్ ముక్కలు ఎప్పుడూ చొక్కా జేబులో గలగలమంటుండేవి. ఒకసారి మసీదులో వంగినప్పుడు అవన్నీ చాప మీద రాలాయట. "పక్కాయన ఏరిచ్చుకుంట అడిగిండు, నువ్వు నమాజు చేయనీకి వచ్చినవా, మసీదుకు కనెక్షన్ ఇయ్యనీకి వచ్చినవా అని" అని చెప్పి తనే నవ్వేవాడు. డబ్బా వేడెక్కిందో లేదో అరచేతితో కాక చేతి వెనుకభాగంతో చూసేవాడు, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. ఏ డబ్బాను ముట్టుకోబోయినా ముందు ఆ కేంద్రానికి ఫోన్ చేసేవాడు. "ఎవరున్నరమ్మా ఆడ? పాలు పట్టుడు అయిందా? నేను జర డబ్బాల చెయ్యి పెడుతున్న." అవతల అయిందనే దాకా చెయ్యి పెట్టేవాడు కాదు.

ఆయన దగ్గర అట్టలు ఊడిన పెద్ద పుస్తకం ఒకటుండేది. ఊరికో పేజీ. పైన డబ్బా అడ్రసు ఒక్క వరుస, కింద అయిదారు వరుసలు వేరే సంగతులు. "తాళం చెవి పక్కింటి దర్జీ దగ్గర." "పగటీలి ఎండ డబ్బా మీదనే పడుతది, అట్ట అడ్డం పెట్టిన." "బర్రె తీగకు రాసుకుంటది, ఎత్తు చేయాలె." మొదటిసారి చూసినప్పుడు ఇది కంపెనీ కాగితమా, ఊరి పంచాయితీయా అని నేను నవ్వాను.

నాది దేవరకొండ పక్క ఊరు. డిప్లొమా చదివాను. చదువుకంటే ఎక్కువ, బస్టాండు ముందర పరిచి అమ్మే చిన్న పుస్తకాలు, సభల్లో పంచే కరపత్రాలు చదివాను. శ్రమ గురించి, యంత్రం గురించి, ఎవరి కష్టం ఎవరు తింటున్నారనే దాని గురించి. చదివింది చదివినట్టు అన్నం తినేచోట అందరికీ వినిపించేవాణ్ని. ఎదురు మాట్లాడితే కేకలేసేవాణ్ని. చిచ్చా రొట్టె తుంచుకుంటూ వినేవాడు. "నీ పుస్తకంల ఎనిమిది గంటల పని అని ఉన్నది గద బేటా. పొద్దుగాల నాలుగింటికి బర్రె కింద కూసునే ఆడిమనిషికి గా ముచ్చట ఎవలు చెప్పాలె?" అని అడిగాడొకసారి. దానికి ఏ కరపత్రంలోనూ జవాబు దొరకక నాకు మరింత కోపం వచ్చింది. "లొల్లి చెయ్యి, చెయ్యి. నువ్వు ఊకుంటే ఆఫీసు దవాఖాన లెక్క ఉంటది" అన్నాడు.

మా ఇద్దరి అసలు పంచాయితీ జాబితా దగ్గర మొదలైంది. డబ్బాలన్నిటిలో ఏదైనా మార్చాలంటే ఒక్కొక్కదానిలోకి పోయి చేతితో చేయడం రోజుల పని. అందుకు నేను స్క్రిప్టులు, అంటే కంప్యూటరుకిచ్చే ఆజ్ఞల వరసలు, రాశాను. ఒకసారి నడిపితే అన్ని ఊర్లలో అదే తిరిగి పని చేసుకొస్తుంది. కానీ ఏయే ఊర్లకు పోవాలో దానికి ఎవరో చెప్పాలి. నేను చిచ్చా పుస్తకం ముందర పెట్టుకుని అడ్రసులన్నీ టైపు చేసి ఇచ్చాను. నెల తిరక్కుండానే అందులో సగం తప్పులు. ఒకచోట డబ్బా మారింది, ఒకచోట కేంద్రమే లేచిపోయింది. లేని ఇంటి తలుపు కొట్టుకుంటూ స్క్రిప్టు గంటలకొద్దీ నిలబడేది.

అప్పుడే కంపెనీ కంట్రోలర్ తెచ్చింది. ఊర్లలోని డబ్బాలన్నీ దానితో ఎప్పటికప్పుడు మాట్లాడుతుంటాయి. ఏది బతికుందో, ఏది మూగబోయిందో దానికి తెలుసు. ఇక పుస్తకం ఎందుకు? నడిచే ప్రతిసారీ స్క్రిప్టే పోయి కంట్రోలర్‌ను అడుగుతుంది, ఈ క్షణాన ఎవరెవరున్నారని. అది చెప్పిన జాబితానే జాబితా. డబ్బాకు పెట్టిన ఊరి పేరును బట్టి, పనిని బట్టి గుంపులు కూడా అదే కట్టి ఇస్తుంది. కట్టిన పద్ధతిని నేను గొప్పగా చిచ్చాకు చూపించాను.

కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశాడు. "సమజైంది. నా బుక్కు పెండ్లి పిలుపుల లిస్టు. ఎవరెవరిని పిలవాలెనో ఉంటది. నీది బంతిల కూసున్నోళ్ల లిస్టు. ఎవరొచ్చిండ్రో అదే చెప్తది" అన్నాడు.

"గంతే చిచ్చా. రానోళ్ల పేరు రాసుకుని ఏం ఫాయిదా?"

"ఫాయిదా లేదు, మంచి పనే చేసినవు. కాని బంతిల కూసున్నోడు ఏ ఇంటోడో గూడ తెల్వాలె గద బేటా. ముంగట విస్తరేసుకున్నోళ్లంత మనోళ్లే అయితరా?"

ముసలాయన ఓటమి ఒప్పుకోలేక సామెతలు చెబుతున్నాడనుకున్నాను.

మేనేజరు సారుకు నా పని బాగా నచ్చింది. వారం తిరక్కుండా గదిలోకి పిలిచి అడిగాడు: "ఊర్లన్ని అదే చూసుకుంటదంటున్నవు. మరి ఇగ పుస్తకంతోని పనేంది? ఆయనతోని పనేంది?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. యంత్రం మనిషి నెత్తి మీది బరువు దించాలని చదివాను, మనిషిని దించాలని చదవలేదు. బల్ల గుద్దాను. "ఆయన్ను తీసేస్తే నేను గీ స్క్రిప్టులన్ని చెరిపేసి పోత సార్" అన్నాను. కేక బయటి దాకా వినిపించింది. చాయ్ దగ్గర చిచ్చా నా భుజం తట్టాడు. "నా నౌకరి తీస్కపోయి నీ నోట్ల పెట్టుకోకు బేటా, మాట్లాడేటప్పుడు జారి పడతది." నవ్వుతూనే అన్నాడు. సాసర్‌లోని చాయ్ తాగి, "కాళ్లు ఆడినన్ని దినాలు గీ ఊర్లు తిరగాలని ఉన్నది. ఇంట్ల కూసుండుడు నాతోని కాదు" అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఎండాకాలం జరిగింది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎండలు ముదిరితే మా దేవరకొండ దిక్కు గడ్డి ఎండిపోతుంది, పాలు తగ్గుతాయి. వానలు పడేదాకా కొన్ని చిన్న కేంద్రాలు మూస్తారు. కృష్ణ ఒడ్డుకు దగ్గరున్న ఆత్మకూర్ దిక్కు అట్ల కాదు, అక్కడ పచ్చిగడ్డి ఉంటుంది. ఆ వేసవిలో ఆత్మకూర్ పక్క ఒక ఊర్లో కొత్త కేంద్రం తెరిచారు. దానికి డబ్బా ఇంకా రాలేదు. చిచ్చా ఎప్పటినుంచో చేసే పనే చేశాడు. మూతపడిన దేవరకొండ తండా డబ్బాను ఊడదీసి, బండి మీద పెట్టుకుని తీసుకుపోయి కొత్త ఊర్లో బిగించాడు. పేరు మాత్రం మార్చలేదు. వానలు పడితే తిరిగి తండాకు పోవాల్సిన డబ్బా అది. అట్లాంటి వాటి పేరు ఆయన ఎన్నడూ మార్చేవాడు కాదని తర్వాత తెలిసింది. పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుని, తిరిగి ఇచ్చాక రబ్బరుతో చెరిపేసేవాడు.

నాకు పైనుంచి మాట వచ్చింది, మూతపడిన కేంద్రాల డబ్బాలు తెరిచి ఉంచొద్దు, అవి బయటితో మాట్లాడే దారులన్నీ మూసేయమని. మూతపడిన ఊర్ల పేర్లతో గుంపు కట్టమని కంట్రోలర్‌ను అడిగాను. ఆ ఊర్లలో ఒకే ఒక్కటి పలికింది, తండా డబ్బా. మూతపడిన ఊరు పలుకుతోందంటే ఆగి ఎవరినైనా అడగాలి. నేను అడగలేదు. తాళమేసి కరెంటు తీయకుండా వదిలేశారు, ఎంత నిర్లక్ష్యం అని పళ్లు కొరికాను. చిచ్చాను అడుగుదామన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది. మళ్లీ ఆ పుస్తకం దగ్గరికే పోవాలా అని పంతం అడ్డమొచ్చింది. స్క్రిప్టు నడిపాను. పొద్దున ఆరున్నర.

పావుగంటకు ఫోన్. ఆ కొత్త కేంద్రం చూసుకునే అక్క.

"ఏం చేసిన్రు సార్ మీరు? కాంటా తెరుసుకుంటలేదు! పాలోళ్లు లైన్ల నిలబడి నన్ను తిడుతున్నరు."

ఊరి పేరు వెతికాను. లేదు. "అక్కా, మీ ఊరు నా జాబితాలనే లేదు. మిమ్మల్ని నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోకుంటనే సచ్చిందా? జాబితల లేకుంటే మేం లేమా సార్? ఇగో ఈడ నలభై మంది నిలబడ్డరు, వీళ్లు లేరా?"

అప్పటికి నాకు సగం అర్థమైంది. కానీ ఏం చేయను? డబ్బా దారులన్నీ మూసేశాను, నా మాట కూడా దానికి అందదు. మనిషి పోయి తీగ గుచ్చితే తప్ప తెరుచుకోదు. చిచ్చాకు ఫోన్ చేసి అరిచాను. పేరు మార్చకుండా డబ్బా మార్చేది ఎవరని, నీ పుస్తకం వల్లే ఇదంతా అని. నోటికొచ్చినవన్నీ అన్నాను.

"లొల్లి తర్వాత చేద్దాం. పాలు ఎండల ఉన్నయి" అన్నాడు. ఆయన ఇల్లున్న మహబూబ్‌నగర్ నుంచి బండి మీద ఆత్మకూర్ దిక్కు గంటన్నర పైనే. బయల్దేరే ముందే అక్కకు ఫోన్ చేసి చెప్పాడు: "మిషన్ సంగతి మర్చిపో చెల్లె. ఒక్కొక్కరి పాలు కొలపాత్రతోని కొలువు, చిన్న సీసాల జరన్ని తీసి పేరు అంటియ్యి, మిగిలినయి చల్లటి ట్యాంకుల పొయ్యి. నేనొచ్చినంక సీసాలు మిషన్ల పెడదాం." ఆయన చేరేసరికి సీసాలు వరసగా సిద్ధంగా ఉన్నాయట. లైన్లో ముందే వచ్చి ఎండలో నిలబడ్డ ఇద్దరి పాలు మాత్రం విరిగిపోయాయి. వాళ్లు ఆ క్యాన్లు అట్లనే మోసుకుపోయారని అక్క తర్వాత చెప్పింది.

సాయంత్రం ఆయన ఆఫీసుకు వచ్చాక అడిగాను, పేరు మార్చడానికి ఏమైందని. దుమ్ము కొట్టుకున్న కండ్లు తుడుచుకుంటూ నన్ను విచిత్రంగా చూశాడు. "చేబదులు తెచ్చుకున్న గిన్నె మీద మన పేరు కొట్టిచ్చుకుంటమా బేటా?"

మరునాడు మేనేజరు మా ఇద్దర్నీ గదిలో నిలబెట్టాడు. "ఎవరి తప్పు?"

చిచ్చా నాకంటే ముందు నోరు తెరిచాడు. "డబ్బా జాగ మార్చింది నేను సార్. పేరు మార్చంది నేనే."

అది నిజమే. సగం నిజం. అడగకుండా నడిపింది నేను. అది పలికినా ఆగంది నేను. ఆ మిగతా సగం చెప్పాల్సిన నోరు నాది. ఊరి మీది అన్యాయాలన్నిటికీ కేకలేసే నోరు. అది తెరుచుకోలేదు. నౌకరి పోతుందని భయపడ్డానని రాస్తే సులువు, చదివేవాళ్లు క్షమిస్తారు కూడా. భయం కాదు. నా స్క్రిప్టు తప్పని ఆ గదిలో ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. వచ్చే నెల నుంచి రావద్దని చిచ్చాకు అక్కడికక్కడే చెప్పారు. ఆయన "అచ్ఛా" అన్నాడు. బయటికొచ్చి పుస్తకం నా బల్ల మీద పెట్టాడు. "పెన్సిల్‌తోని రాసినయి ముందుగాల చూడు" అని చెప్పి పోయాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున పాలు పట్టే వేళకు ఇంటి నుంచి ఫోన్ చేసేవాడు. "అందరు పలికిండ్రా?" "పలికిండ్రు చిచ్చా." "మంచిది." అంతే మాట. రోజూ చెబుదామనే అనుకునేవాణ్ని. ఒకసారి మొదలుపెట్టాను కూడా. "చిచ్చా, ఆ దినం గదిల…" అనగానే అందుకున్నాడు. "ఇయ్యాల ఎండ ఎక్కువున్నది, డబ్బాలు వేడెక్కుతయి. జర చూసుకో." ఫోన్ పెట్టేశాడు. ఆయన పోయిన పొద్దున ఆ ఫోన్ రాలేదు. రాలేదని కూడా నేను గమనించలేదు. తెర చూస్తున్నాను.

కబ్రస్తాన్‌లో మట్టి ఇచ్చేటప్పుడు నేనూ మూడు పిడికిళ్లు వేశాను. నా పక్కన నిలబడ్డ ముసలాయన, చిచ్చా తోడల్లుడట, నన్ను తేరిపార చూశాడు. "నువ్వేనా షాద్‌నగర్ పిలగానివి? చెప్తుండె నీ గురించి. దేనికైనా లొల్లి చేస్తడు, భయం లేదు వానికి అని." నేను తల ఊపాను. ఊపకూడదు. ఊపాను.

గేటు దగ్గర మేనేజరు సారు చెప్పులు వేసుకుంటున్నాడు. దగ్గరికి పోయాను. "సార్, ఆ దినం స్క్రిప్టు నడిపింది నేను. తండా డబ్బా పలికింది. నేను అడగకుంటనే మూసిన. చిచ్చా తప్పు కాదు."

ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసు. ఎవరు నడిపిండ్రో కంట్రోలర్లనే రాసుంటది గద."

"మరి?"

"ఇద్దరిల ఒకర్నే ఉంచుకోమని పైనుంచి ముందే చెప్పిండ్రు. ఎట్ల చెప్పాలె ఆయనకు అని నేనే పరేషాన్ల ఉండె. ఆయనే తప్పు మీదేసుకుని నా పని అల్కగ చేసిండు." చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. "ఆయనకు గూడ తెలుసు, నాకు తెలుసని."

అరవాల్సిన చోటు అదే. ఇన్నేళ్లు అరిచిందంతా అందుకోసమే అయి ఉండాలి. నేను పక్కకు జరిగి దారిచ్చాను. ఆయన కారెక్కి పోయాడు. నేను రోడ్డు దాటి బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది.

నౌకరి మానలేదు. మానితే గొప్పగా ఉండేది, చేయలేదు. కంట్రోలర్‌లో ప్రతి డబ్బాకు ఒక గడి కొత్తగా పెట్టాను, ఇప్పుడు ఏడ ఉందో రాయడానికి. స్క్రిప్టు ఇక పేరు చూసి గుంపు కట్టదు, ఆ గడి చూసి కడుతుంది. అది ఖాళీగా ఉంటే ఆగిపోతుంది. ఆ గడులు నింపడానికి సెలవు దినాల్లో ఊరూరా తిరుగుతున్నాను. కంట్రోలర్‌ను అడిగితే వచ్చే సంగతి కాదది. పోయి కండ్లతో చూడాలి, అక్కడున్న మనిషిని అడగాలి.

మొదట మా దేవరకొండ తండాకే పోయాను. వానలు ఇంకా పడలేదు. కేంద్రం తలుపు ఎదురింటి అవ్వ తీసింది. లోపల బూజు, ఎండిన పాల వాసన. గోడ మీద దుమ్ముకు రంగు మారిన సున్నం మధ్యలో చెయ్యంత చదరం ఒకటి తెల్లగా మిగిలింది. నాలుగు మూలల నాలుగు రంధ్రాలు. ఫోన్ తీసి జాబితా చూశాను. డబ్బా ఆత్మకూర్ దిక్కే ఉన్నా, ఈ తండా పేరు ఎదుట పచ్చగా వెలుగుతోంది, ఉందని. గోడ మీద ఒక రంధ్రంలోంచి చీమలు బయటికొచ్చి, ఆ తెల్లటి చదరం అంచు మీదుగా వరసగా నడిచి, ఇంకో రంధ్రంలోకి పోతున్నాయి.